సియోల్‌లో ప్రపంచ సాహిత్యం చదవడానికి వస్తున్నాను, పెద్దవాళ్ల సలహా కావాలి

కొత్త సభ్యురాలు, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను ఎంఏ ఇంగ్లీష్ పూర్తిచేశాను. వచ్చే మార్చిలో సియోల్‌లో తులనాత్మక సాహిత్యంలో మాస్టర్స్ మొదలుపెడుతున్నాను. ప్రపంచ సాహిత్యంలో కొరియన్ అస్తిత్వం ఎలా కనిపిస్తుందన్నది నేను పని చేయాలనుకుంటున్న అంశం. కొరియన్ భాషా పరీక్ష టోపిక్‌లో మూడో లెవెల్ పాసయ్యాను. ఇంట్లో మాత్రం ‘అంత దూరం పోయి కథలు చదువుకుంటావా’ అని ఒకటే గొడవ. వచ్చేలోపు ఏం చదవాలి? మన దేశం నుంచి వచ్చిన విద్యార్థిని క్లాసులో ఎలా చూస్తారు? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

సువన్, సాఫ్ట్‌వేర్

అమ్మా, శుభాకాంక్షలు. పుస్తకాల సంగతి సాహిత్యం వాళ్లు చెబుతారు. నేను గది సంగతి చెబుతాను, ఎందుకంటే తల మీద కప్పు సరిగా లేకపోతే ఏ పుస్తకమూ తలకెక్కదు. హాస్టల్ దొరికితే మొదటి సెమిస్టర్ అక్కడే ఉండండి. బయట గది తీసుకోవాల్సి వస్తే ఇది చదవండి.

నేను స్టేషన్ దగ్గర ఒక వన్‌రూమ్ తీసుకున్నాను. డిపాజిట్ 50 లక్షల వన్, అంటే మన డబ్బుల్లో మూడు లక్షల పైమాటే. రెండేళ్ల కాంట్రాక్ట్. ఖాళీ చేస్తానని గడువుకు రెండున్నర నెలల ముందే ఇంటి ఓనరుకు కాకావ్‌టాక్‌లో రాశాను. మెసేజ్ పక్కన చిన్నగా ‘1’ అని కనిపిస్తుంది, అవతలివాళ్లు చదివితే అది పోతుంది. నా మెసేజ్ పక్కన ‘1’ పోయింది, జవాబు మాత్రం రాలేదు. గడువు దగ్గరపడ్డాక ఫోన్ చేస్తే, ‘మీరు చెప్పలేదు కదా, కాంట్రాక్ట్ దానంతటదే కొనసాగింది, డబ్బు ఇప్పుడు ఇవ్వను’ అన్నాడు. నేను స్క్రీన్‌షాట్ పంపాను. అప్పుడు మాట మార్చి, బీరువా వెనక వాల్‌పేపర్‌కి బూజు పట్టిందని, దానికి రెండు నెలల అద్దె పట్టుకుంటానని మొదలుపెట్టాడు. ఇక్కడ చలికాలంలో లోపల ఒండోల్, అంటే నేల కింద నుంచి వచ్చే వేడి, బయట మంచు. గోడ చెమ్మ పట్టి బూజు రావడం పాత బిల్డింగుల్లో మామూలే. నా అదృష్టం, దిగిన రోజే ప్రతి గోడకీ, కిటికీ అంచులకీ తేదీ పడేలా ఫోటోలు తీసి పెట్టుకున్నాను. ఆ బూజు మరక అప్పటికే ఉంది. అద్దె తగాదాల మధ్యవర్తిత్వ కమిటీకి దరఖాస్తు పెట్టాను. కొరియన్ బాగా వచ్చిన సహోద్యోగి వెంట వచ్చాడు. వాళ్ల ముందు ఫోటోలు పెట్టాక ఓనరు గొంతు తగ్గింది. క్లీనింగ్ ఖర్చు మినహాయించి మిగతాదంతా వెనక్కి ఇచ్చాడు. ఆ నెలలన్నీ ఇంటికి డబ్బు పంపలేక పడిన టెన్షన్ మాత్రం ఎవరూ తీర్చలేరు.

కాబట్టి సంతకం పెట్టే ముందు రిజిస్టర్ కాపీ చూపించమని ఏజెంటును అడగండి. ఊళ్లో స్థలం కొనేముందు ఈసీ తీసినట్టే. దాని మీద బ్యాంకు అప్పు ఎంతుందో కనిపిస్తుంది. ఖాళీ చేసేటప్పుడు నెల ముందు చెబితే సరిపోతుంది.

దేజన్, రీసెర్చ్

అన్నా, నెల అనేది పాత మాట. 2020 డిసెంబర్ 10 తర్వాత చేసుకున్న కాంట్రాక్టులకు రెండు నెలల ముందు చెప్పాలి. చెప్పకపోతే అది కొనసాగినట్టే లెక్క. అలా కొనసాగినా అద్దెకున్నవాళ్లు ఎప్పుడైనా మానేస్తామని చెప్పొచ్చు, చెప్పిన మూడు నెలలకు అది ముగుస్తుంది, డిపాజిట్ ఇవ్వాల్సిందే. మీ ఓనరు ఈ సంగతి దాచాడు. అమ్మాయికి తప్పు లెక్క చెప్పకండి, దీని మీద డబ్బులు పోతాయి.

చెల్లెమ్మా, దిగిన 90 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌లో విదేశీయుల నమోదు చేయించుకోవాలి. సెమిస్టర్ మొదట్లో అపాయింట్‌మెంట్లు దొరకవు, దిగిన వారంలోనే హైకొరియా సైట్‌లో బుక్ చెయ్. ఇల్లు మారితే పదిహేను రోజుల్లోపు కొత్త చిరునామా చెప్పాలి. ఆరోగ్య బీమా 2021 మార్చి నుంచి విద్యార్థులకూ తప్పనిసరి. నెలనెలా బిల్లు వస్తుంది, విద్యార్థులకు కొంత తగ్గింపు ఉంటుంది. కట్టకుండా వదిలేస్తే వీసా పొడిగింపు దగ్గర ఇబ్బంది. పార్ట్‌టైమ్ పని ముందుగా అనుమతి తీసుకున్నాకే.

సువన్, సాఫ్ట్‌వేర్

తమ్ముడూ, నా కాంట్రాక్ట్ 2020కి ముందుది, అప్పుడు నెలే. కొత్తవాళ్లకు రెండు నెలలని నువ్వు చెప్పింది మంచిదే. భాష గురించి మాత్రం అమ్మాయి మరీ భయపడక్కర్లేదు. మా ఆఫీసులో ఇంగ్లీషుతోనే గడిచిపోతుంది.

సియోల్, పీహెచ్‌డీ విద్యార్థిని

అన్నయ్య గారూ, మీ ఆఫీసులో గడుస్తుంది, మా సెమినార్ గదిలో గడవదు. చెల్లీ, నువ్వు అడిగిన దానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెబుతాను.

మూడో లెవెల్‌తో కిరాణా కొనుక్కోవచ్చు, కవిత్వం చదవలేవు. క్లాసు కేటలాగ్‌లో ఇంగ్లీష్ అని రాసి ఉన్నా, చర్చ వేడెక్కితే కొరియన్‌లోకి వెళ్లిపోతుంది. ప్రొఫెసర్ జోక్ వేస్తే అందరూ నవ్వాక నువ్వు నవ్వడం చాలా ఒంటరితనం. మొదటి ఏడాది వారానికి ఒక కథ కొరియన్‌లోనే చదువు, నెమ్మదిగానైనా సరే.

ఇక అస్తిత్వం. ఇంగ్లీష్ అనువాదాలు మాత్రమే చదివి వచ్చినవాళ్లు ‘కొరియన్ అస్తిత్వం’ అంటే ఒకే ముద్దగా ఊహించుకుంటారు. ఇక్కడ దాన్ని అంచుల నుంచి చూడటం నేర్చుకుంటావు. యున్ దొంగ్‌జు సంగతే తీసుకో. ఈ దేశంలో బడిపిల్లలందరికీ తెలిసిన కవి. పుట్టింది 1917లో మంచూరియాలో, ఇప్పుడా ఊరు చైనాలో ఉంది. సియోల్‌లో యోన్‌హీ కాలేజీలో చదివాడు, ఇప్పటి యోన్సే అది. కొరియా జపాన్ పాలనలో ఉన్న రోజులవి, జపాన్ వెళ్లి చదువుకోవడానికి 1942లో జపనీస్ ఇంటిపేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడు అరెస్టయ్యాడు, 1945 ఫిబ్రవరిలో ఫుకువోకా జైల్లో చనిపోయాడు. పుస్తకం వచ్చింది 1948లో, అతను పోయాక. చైనాలో అతని పుట్టిన ఇంటి దగ్గర అతన్ని చైనా కొరియన్ జాతి కవి అని రాశారు, దాని మీద ఇక్కడ చాలా కోపం ఉంది. అతను మాత్రం రాసింది కొరియన్‌లోనే, ఆ భాషను బళ్లలోంచి నెట్టేస్తున్న కాలంలో. యోన్సే క్యాంపస్‌లో అతని కవితా శిల ఉంది, వచ్చిన మొదటి వారంలో వెళ్లి చూడు.

దానికి ఎదురుగా యూ మిరిని పెట్టి చూడు. జపాన్‌లో పుట్టిన కొరియన్, రాసేది జపనీస్‌లో, 2020లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు అనువాద విభాగంలో ఆమె నవలకు వచ్చింది. ఆమెది కొరియన్ సాహిత్యమా? మా క్లాసులో ఈ ప్రశ్న మీద సగం సెమిస్టర్ వాదించుకున్నారు. 1937లో స్టాలిన్ మధ్య ఆసియాకు తరలించిన సోవియట్ కొరియన్లు, కొర్యో సరం, వాళ్ల సంగతీ అంతే. మారిషస్ తెలుగువాళ్లనో, మలేషియా తెలుగువాళ్లనో తలుచుకో, ప్రశ్న వెంటనే మనదైపోతుంది.

క్యోబో పుస్తకాల షాపుకు, గ్వాంగ్‌హ్వామున్ బ్రాంచికి, తప్పకుండా వెళ్లు. ప్రపంచ సాహిత్యం షెల్ఫు వేరు, కొరియన్ సాహిత్యం షెల్ఫు వేరు. అంటే ప్రపంచం అనేది బయట ఉంటుంది, మనం దానిలో చేరాలని ఎదురుచూడాలి అన్న భావన ఎంత లోతుగా ఉందో ఆ రెండు షెల్ఫుల మధ్య నిలబడితే తెలుస్తుంది. 2024 అక్టోబర్‌లో హాన్ కాంగ్‌కు నోబెల్ వచ్చినప్పుడు షాపుల ముందు క్యూలు కట్టారు, కొద్ది రోజుల్లోనే ఆమె పుస్తకాలు పది లక్షల కాపీలు దాటాయి. ఆ సంతోషంలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆమె రాసింది 1980లో గ్వాంగ్‌జు నగరంలో సైన్యం జనాన్ని చంపడం గురించి, 1948లో మొదలైన జెజు దీవి హత్యాకాండ గురించి. ప్రభుత్వం తరఫున జెజుకు అధ్యక్షుడు క్షమాపణ చెప్పింది 2003లో. తన మనుషుల మీద తన రాజ్యమే చేసిన హింసను రాసిన మనిషిని దేశం తన గర్వంగా చెప్పుకుంది. కొరియన్ అస్తిత్వం అంటే నాకు ఇప్పుడు ఈ పెనుగులాటే.

క్లాసులో మనల్ని ఎలా చూస్తారంటే, మర్యాదగా చూస్తారు, ‘ఇండియా గురించి చెప్పండి’ అంటారు. అక్కడ జాగ్రత్త. టాగూరు గురించి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటే నీ పని అయిపోతుంది. టాగూరు పేరు ఇక్కడ బడిలోనే వింటారు, 1929లో దోంగా ఇల్బో పత్రికలో కొరియాను తూర్పు దీపం అని ఆయన రాసిన నాలుగు పాదాలు వాళ్లకు తెలుసు. నువ్వు తెలుగు నుంచి మాట్లాడు. 1894 సంస్కరణల్లో ప్రభుత్వ పత్రాలు చైనీస్ రాతకు బదులు కొరియన్‌లో ఉండాలన్నారు, ఆ తర్వాత మాట్లాడే భాషకూ రాసే భాషకూ మధ్య దశాబ్దాల పేచీ నడిచింది. గిడుగు రామమూర్తి గారి వ్యావహారిక ఉద్యమం తెలిసిన మనకు అది పరాయి కథ కాదు. నేను దీని మీద సెమినార్ పేపర్ ఇచ్చిన రోజు ప్రొఫెసర్ ప్రశ్నలు ఆపలేదు.

చాంగ్‌వన్, పెద్దాయన

అమ్మాయ్, అసలైన ముడి ఇక్కడ గింహేలో ఉంది. అయోధ్య రాకుమారి క్రీ.శ. 48లో ఓడలో వచ్చి సురో రాజును పెళ్లాడింది. గింహే కిమ్ వంశం వాళ్లందరూ ఆమె సంతతే. దీని మీద థీసిస్ రాయి, రెండు ప్రభుత్వాలూ సంతోషిస్తాయి.

సియోల్, పీహెచ్‌డీ విద్యార్థిని

బాబాయ్ గారూ, గింహేలో ఆమెదని చెప్పే సమాధి చూడమని చెప్పండి, థీసిస్ రాయమని మాత్రం చెప్పకండి. ఆ కథ ఉన్నది 13వ శతాబ్దంలో ఇర్యాన్ అనే బౌద్ధ భిక్షువు కూర్చిన సంగుక్ యుసాలో. సంఘటనకూ రాతకూ మధ్య పన్నెండు వందల ఏళ్లు. అందులో ఉన్న పేరు అయుత, అది అయోధ్యే అన్నది ఒక వాదన. చరిత్రగా నిరూపించబోతే చిక్కుపడుతుంది. ఒక వంశం తన మూలం దూరదేశంలో ఉందని ఎందుకు చెప్పుకుంటుంది అని అడిగితే మంచి ప్రశ్న.

నిజంగా జరిగిన ముడి ఒకటి ఉంది చెల్లీ, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. కొరియా యుద్ధం ఆగాక ఖైదీల అప్పగింత కమిషన్‌కు మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. ఉత్తరమూ వద్దు దక్షిణమూ వద్దన్న 76 మంది కొరియన్ ఖైదీలు 1954లో ఓడలో మద్రాసు వచ్చారు. ఎక్కువ మంది తర్వాత బ్రెజిల్, అర్జెంటీనా వెళ్లిపోయారు, కొద్దిమంది మన దేశంలోనే ఉండిపోయారు. చే ఇన్‌హున్ 1960లో రాసిన ‘గ్వాంగ్‌జాంగ్’ నవల నాయకుడు అలాంటి ఖైదీయే, అతను ఎక్కిన ఓడ పేరు టాగూర్. అతను తీరం చేరడు. రెండు కొరియాల్లో దేనిలోనూ ఇమడని మనిషి మన తీరం వైపు బయల్దేరాడు. దీన్ని మన వైపు నుంచి చదవాలి. మద్రాసు పాత పత్రికల్లో వాళ్ల గురించి ఏం రాశారో వెతకడం నీలాంటివాళ్లే చేయగలరు.

దేజన్, రీసెర్చ్

బాబాయ్ గారి మాట కొట్టిపారేయకండి, జనం నమ్మేదీ అస్తిత్వమే కదా.

సియోల్, పీహెచ్‌డీ విద్యార్థిని

నమ్మకాన్ని చదవమనే అంటున్నాను తమ్ముడూ, నమ్మకాన్ని రుజువుగా రాయొద్దంటున్నాను.

అనంతపురం, కొరియా నుంచి తిరిగొచ్చినవాడు

ఇంట్లో గొడవ అన్నారు కాబట్టి చెబుతున్నా. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019 నుంచి నడుస్తోంది, చుట్టూ దానికి విడిభాగాలు ఇచ్చే కొరియన్ కంపెనీలు. కొరియన్, తెలుగు రెండూ బాగా వచ్చిన మనుషులు దొరక్క ఇక్కడ ఇబ్బంది పడుతున్నారు. మీ నాన్నగారికి ఆ మాట చెప్పండి.

సియోల్, పీహెచ్‌డీ విద్యార్థిని

అది ఇంట్లో చెప్పడానికి బాగుంటుంది. సియోల్‌లో సాహిత్య అనువాద సంస్థ నడిపే అకాడమీ కూడా ఉంది, సాహిత్యం అనువదించడం నేర్పుతుంది. కొరియన్ నుంచి నేరుగా తెలుగులోకి తెచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. నువ్వు ఆ పని చేస్తే నాకు చాలా సంతోషం.

కొత్త సభ్యురాలు, గుంటూరు

అక్కా, అందరికీ ధన్యవాదాలు. మద్రాసు పత్రికల సంగతి చదివాక నిద్ర పట్టలేదు. బయలుదేరేలోపు చెన్నై వెళ్లి ఆర్కైవ్స్‌లో 1954 ఫిబ్రవరి, మార్చి సంచికలు చూడటానికి అనుమతి ఎలా అడగాలో కనుక్కుంటున్నాను. హాస్టల్ రాలేదు, క్యాంపస్ దగ్గర వన్‌రూమ్ చూపించారు, డిపాజిట్ 100 లక్షల వన్ అంటున్నారు.

సువన్, సాఫ్ట్‌వేర్

డబ్బు పంపొద్దు. మీరు వచ్చి కళ్లతో చూసేదాకా ఒక్క వన్ కూడా వేయొద్దు. ఇంటి చిరునామా నాకు మెసేజ్ చేయండి, రిజిస్టర్ కాపీ నేను తీసి చూస్తాను. ఈ శనివారం ఖాళీయే, గోడలు కూడా చూసి వస్తాను.