చర్చ: ఇండోనేషియాను కలిపింది భాషా విధానమేనా?

దీవిదారి:
అవుననే నా వాదన. డచ్‌వాళ్ల పాలనలో ఉండగా 1928 అక్టోబరు 28న బటావియాలో (నేటి జకార్తా) మనమంతా ఒకే జాతి అని యువజన ప్రతిజ్ఞ చేసినవాళ్లు, ఎక్కువమంది మాట్లాడే జావా భాషను కాదని రేవు పట్టణాల బేరసారాల భాష మలయ్‌ను తీసుకుని, దాన్ని ఇండోనేషియా భాష అన్నారు. జావా భాషలో ఎదుటివాళ్ల అంతస్తును బట్టి మాటే మారిపోతుంది. తినడానికే మంగన్, నెడ, డహర్ అని మూడు మాటలు. మన నువ్వు, మీరు తేడా దీని ముందు ఎంత! అందరూ సమానమనే ఉద్యమానికి అది ఎలా కుదురుతుంది?

పలకాబలపం:
పెద్ద జాతి సొత్తు కాని భాషను ఎంచుకుంటే చాలదండీ. పాకిస్తాన్‌లో ఉర్దూ కూడా కొద్దిమందికే ఇంటి భాష. 1948 మార్చిలో ఢాకాలో జిన్నా అదొక్కటే రాజభాష అన్నారు. జనాభాలో సగానికి పైగా ఉన్న బెంగాలీలకు దాని అర్థం వెంటనే తెలిసింది: ఉర్దూలో పరీక్షలు పెడితే సర్కారు కొలువుల్లో తమ పిల్లలు వెనకబడతారు. 1952 ఫిబ్రవరి 21న విద్యార్థులపై కాల్పులు జరిగాయి. 1956 రాజ్యాంగంలో బెంగాలీకి చోటిచ్చినా ఆ గాయం మానలేదు.

దీవిదారి:
తేడా ప్రతిజ్ఞ మాటల్లోనే ఉంది. నేల ఒకటి, జాతి ఒకటి అన్నారు గానీ భాష ఒకటే అనలేదు. "ఐక్యతా భాషను గౌరవిస్తాం" అన్నారు. 1954 విద్యా చట్టం ప్రకారం మూడో తరగతి దాకా ప్రాంతీయ భాషలో పాఠాలు చెప్పుకోనిచ్చారు. ఇంకోటి, 1942లో జపాన్ వాళ్లు డచ్‌ను పక్కకు నెట్టి, ఇండోనేషియా భాషలో కొత్త పదాలు కూర్చడానికి సంఘం వేశారు. కాబట్టి స్వాతంత్ర్యం నాటికే బడిలో, సర్కారు కచేరీలో ఆ భాషతో పని మొదలైంది.

తీరపుగాలి:
తూర్పు తిమోర్ సంగతో? 1975లో ఇండోనేషియా ఆక్రమించాక బళ్లలో పోర్చుగీసు తీసేసి ఇండోనేషియా భాష పెట్టారు. ఒక తరం అందులోనే చదువుకుంది. అయినా 1999 ఓటింగులో 78 శాతం మంది ఇండోనేషియాలో ఉండబోమన్నారు. 2002 తిమోర్ రాజ్యాంగంలో స్థానిక భాష టేటుమ్, పోర్చుగీసు అధికార భాషలయ్యాయి. ఇండోనేషియా భాషకు ఇంగ్లీషుతో పాటు పని భాష హోదా మాత్రమే మిగిలింది. బడిలో నేర్పితే భాష వస్తుంది, అంతే.

దీవిదారి:
తిమోర్ విషయం ఒప్పుకుంటాను. 1928లో అది పోర్చుగల్ వలస, ఆ ప్రతిజ్ఞలో వాళ్లు లేరు. ఇండోనేషియా తూర్పు చివరన ఉన్న పపువాను కూడా మీ వైపే లెక్క వేసుకోండి: అక్కడ వేరు దేశం కావాలనేవాళ్లు కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకునేది మలయ్‌లోనే, వందల భాషలున్న చోట మరో దారి లేక.