‘కాళ్ళాగజ్జా కంకాళమ్మ’ ఆటపాటా, గజ్జి మందు చీటీనా?

పాతచింతకాయ: మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మళ్ళీ అదే ఫార్వర్డ్ తిరుగుతోంది. ‘కాళ్ళాగజ్జా కంకాళమ్మ’ అసలు ఆటపాట కాదట. కాళ్ళకి గజ్జి వస్తే చేయాల్సిన వైద్యమట. ముందు కంకోళం నూరి రాయాలి, తగ్గకపోతే వెలగ మొగ్గ, దానికీ తగ్గకపోతే మోదుగ, ఆపైన నిమ్మ, బచ్చలి, గుమ్మడి. ‘కాదు’ అంటే ‘దాంతో తగ్గలేదు’ అని అర్థమట. చదివినప్పుడు నిజమేననిపించింది. మీరేమంటారు?

గట్టుమీద గోపి: నిజమే అయ్యుంటుంది. మన పెద్దలు ఏదీ ఊరికే చెప్పలేదు. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అనే ఒక్క ముక్కలో వ్యవసాయం ఎంతుందో చూడండి. చదువు రానివాళ్ళు గుర్తుపెట్టుకోవడానికి పాటలు కట్టారు. ఇందులో వింతేముంది?

నల్లబల్ల మాస్టారు: గోపీ, ఆ సామెత ఏదీ దాచలేదు. ఉత్తర కార్తెకీ వానలు లేకపోతే గంప ఎత్తుకుని ఊరు వదలమని రైతుకి సూటిగా చెప్పింది. మందు చెప్పాలనుకున్నవాళ్ళు దాన్ని పిల్లల పాటలో పొడుపుకథలా ఎందుకు దాస్తారు?

ఇప్పుడు పాటని చెవితో వినండి. కాళ్ళా–కంకాళమ్మ. వేగుచుక్క–వెలగమొగ్గ. మొగ్గ కాదు మోదుగనీడ. నీడ కాదు నిమ్మలబావి. బావి కాదు బచ్చలికూర. ప్రతి పాదంలో మొదటి అక్షరమే సగం దాటాక మళ్ళీ పలుకుతోంది. హైస్కూల్లో చదివిన యతి ఇదే. ‘కూర కాదు గుమ్మడిపండు’ దగ్గర తప్పిందనుకుంటారు గానీ తప్పలేదు, క–గ ఒకే వర్గం, ఊ–ఉ ఒకే జత. ‘పోతు కాదు బొమ్మలశెట్టి’లో ప–బ కూడా అంతే. ఒక్క ‘శెట్టి కాదు శామమన్ను’లోనే అచ్చు కలవదు. ఛందస్సు పేరు కూడా విననివాళ్ళు ఇంత చక్కగా కట్టారంటే నాకు మందు కథకన్నా ఇదే ఆశ్చర్యం. గుమ్మడి వచ్చింది గుజ్జు రాయడానికి కాదు, ‘కూ’కి ‘గు’ కావాలి గనక.

గట్టుమీద గోపి: మాస్టారూ, యతి ఉంటే మందు ఉండకూడదని ఎక్కడుంది? వేమన పద్యంలో యతీ ఉంది, నీతీ ఉంది. మోదుగ ఆయుర్వేదంలో వాడేదే కదా.

నల్లబల్ల మాస్టారు: ఉండకూడదని కాదు. మన చుట్టూ ఉన్న ఏ చెట్టు పేరు తీసుకున్నా ఏదో ఒక జబ్బుకి వాడేదే. నాలుగు చెట్ల పేర్లున్న పాటని వైద్యంగా చూపించడం ఏమంత కష్టం కాదు. మరి ‘పాపడమీసం’ ఏ మూలిక? బొమ్మలశెట్టిని నూరి ఎక్కడ రాయాలి? ఫార్వర్డ్ గుమ్మడిపండు దగ్గరే ఎందుకు ఆగిపోయిందో ఆలోచించండి.

మెట్టినిల్లు కరీంనగర్: అసలు సంగతి వదిలేశారు. పల్లెలో గజ్జి వస్తే మొదట చేతికొచ్చేది వేపాకు, పసుపు. ఆ రెండూ పాటలో లేవు! ఇంకొకటి, మా అమ్మమ్మ ‘గజ్జా’ అనేది గానీ ‘గజ్జి’ అనలేదు. కాళ్ళకి గజ్జెలే కదా ఉండేవి. అందరం వరసగా కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఒకరు మోకాళ్ళ మీద తడుతూ పాడేవాళ్ళు. చివరి మాట ఎవరి కాలి మీద పడితే వాళ్ళు ఆ కాలు మడవాలి. ‘కాలు తీసి కడగా పెట్టు’ అన్నది అందుకే. కాళ్ళ గురించి ఆడే ఆటలో కాళ్ళు కాక ఇంకేం వస్తాయి? (మా అత్తగారి వైపు బావిని ‘బాయి’ అంటారు. బాయి అన్నా బచ్చలికి బాగానే కుదురుతుంది.)

తెల్లకోటు: చర్చకి అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. గజ్జి చర్మంలో దూరే సన్నటి పురుగు వల్ల వస్తుంది. పెర్మెత్రిన్ లాంటి మందు ఇంట్లో అందరూ ఒకేసారి రాసుకోవాలి, పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. ఒకావిడ ఇలాంటి మెసేజ్ చూసి మూడేళ్ళ పిల్లాడి పుళ్ళ మీద నిమ్మరసం పిండి తీసుకొచ్చింది. వాడి ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. అందుకే నాకిది సరదా చర్చ కాదు.

లండన్ లచ్చన్న: ఇక్కడా ఇదే గోల. ‘రింగ రింగ రోజెస్’ 1665 లండన్ ప్లేగు పాట అని అందరూ నమ్ముతారు. గులాబీలంటే ఒంటి మీద మచ్చలట, తుమ్మితే చావట. కానీ ఇంగ్లండులో అది తొలిసారి అచ్చయింది 1881లో, కేట్ గ్రీనవే బొమ్మల పుస్తకంలో. అందులో తుమ్ములే లేవు, ‘హుష్ హుష్’ అని ఉంది. ప్లేగు అర్థం బాగా ప్రచారమైంది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. పిల్లల పాటలు సేకరించిన ఓపీ దంపతులు కూడా దాన్ని ఒప్పుకోలేదు. ప్లేగు వచ్చిన రెండొందల ఏళ్ళకి గానీ అచ్చులోకి రాని పాటని ప్లేగుకి సాక్ష్యం అంటే ఎలా?

గట్టుమీద గోపి: అచ్చు కాకపోతే లేనట్టేనా? మన పాటలన్నీ నోటిమీద బతికినవే.

లండన్ లచ్చన్న: పాట పాతది కాదనడం లేదు గోపీ. దానికి తగిలించిన కథ కొత్తదంటున్నా. మీ అమ్మమ్మ కాలు తడుతూ ఎప్పుడైనా గజ్జి మందు సంగతి చెప్పిందా?

గట్టుమీద గోపి: …చెప్పలేదు. ఫోన్లోనే చూశా.

పాతచింతకాయ: మాస్టారి యతి సంగతంతా మా గ్రూపులో పెట్టాను. మా చిన్నాన్న జవాబు: ‘చూశావా, మందు రాసిన ఋషికి ఛందస్సు కూడా వచ్చన్నమాట.’