రింగ్ టెస్ట్‌లో వచ్చిన ఘర్షణ విలువ రోలింగ్ లెక్కకు పనికొస్తుందా?

రోల్‌పాస్: హాట్ రోలింగ్ (వేడి లోహాన్ని తిరిగే రోల్స్ మధ్య నొక్కి పలచన చేయడం) సిమ్యులేషన్‌కి ఘర్షణ విలువ కావాలి. రింగ్ కంప్రెషన్ టెస్ట్ చేస్తే చాలని, రోల్‌లో పిన్ సెన్సర్ (రోల్‌కి రంధ్రం వేసి అమర్చే, షీట్ ఒత్తిడిని కొలిచే చిన్న పిన్) పెట్టడం దండగ ఖర్చని మా సీనియర్లు అంటున్నారు. మీరేమంటారు?

డైషాప్: నా ఓటు రింగ్‌కే. బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఎత్తు 6:3:2 నిష్పత్తిలో రింగ్ చేసి ప్రెస్‌లో రెండు డైల మధ్య నొక్కడమే. ఘర్షణ తక్కువైతే రంధ్రం పెద్దదవుతుంది, ఎక్కువైతే మూసుకుపోతుంది. లోడ్ కొలవక్కర్లేదు. ఏ లూబ్రికెంట్ మేలో సాయంత్రానికల్లా తేలిపోతుంది.

గ్యాప్‌లైన్: డైషాప్ గారూ, లూబ్రికెంట్లు పోల్చడానికి రింగే మేలు, అందులో పేచీ లేదు. కానీ అడిగింది రోలింగ్ గురించి. ఎంట్రీ వైపు రోల్ వేగం ఎక్కువ కాబట్టి ఘర్షణ షీట్‌ని లోపలికి లాగుతుంది. న్యూట్రల్ పాయింట్ (రోల్, షీట్ వేగాలు సమానమయ్యే చోటు) దాటాక షీట్ ముందుంటుంది, ఘర్షణ వెనక్కి పడుతుంది. పీడనం బాగా పెరిగిన చోట ఘర్షణ షియర్ (ఉపరితలం వెంట పనిచేసే ఒత్తిడి) లోహపు షియర్ యీల్డ్ దగ్గర, అంటే లోహమే కోతకు లొంగే హద్దు దగ్గర, ఆగిపోతుంది, కాబట్టి అక్కడ మ్యూ (ఘర్షణ గుణకం) తగ్గినట్టు కనిపిస్తుంది. ఇదంతా రింగ్ ఇచ్చే ఒక్క సగటు సంఖ్యలో ఎలా దొరుకుతుంది? సీబెల్, ల్యూగ్ 1933లోనే రోల్‌లో పిన్ పెట్టి పీడనం కొలిచారు. తర్వాత వాన్ రూయెన్, బాకోఫెన్ నిటారు పిన్‌తో పాటు వాలు పిన్ కూడా వాడి పీడనాన్నీ షియర్‌నీ విడదీశారు.

డైషాప్: రింగ్‌లోనూ ఘర్షణ దిశ మారే వ్యాసార్థం ఉంటుందండీ. మరి పిన్ చుట్టూ ఉన్న సందులోకి లోహం చొచ్చుకుపోయి పిన్ బిగుసుకుంటే? ఆ రీడింగ్‌ని ఎవరు నమ్ముతారు?

గ్యాప్‌లైన్: ఉంటుంది, కానీ రంధ్రం కొలత దాన్ని విడిగా చూపదు. పైగా ప్రెస్‌లో జారే వేగం, డై తగిలి రింగ్ చల్లబడే తీరు మిల్లులో లాంటివి కావు. పిన్ బిగుసుకోవడం నిజమైన సమస్యే, నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. అందుకే పిన్ పీడనాన్ని కాంటాక్ట్ పొడవునా కూడి రోల్ ఫోర్స్‌తో, షియర్‌ని టార్క్‌తో సరిపోల్చాలి. కుదరకపోతే ఆ డేటా పక్కన పెట్టేయడమే.

రోల్‌పాస్: మిల్లు రోల్‌కి రంధ్రం వెయ్యనివ్వరండీ. అప్పుడెలా?

గ్యాప్‌లైన్: అయితే ఫార్వర్డ్ స్లిప్ (బయటికొచ్చే షీట్ రోల్ కంటే ఎంత వేగంగా ఉందో) కొలవండి. రోల్ మీద రెండు సన్నగీతలు గీసి, షీట్‌పై పడిన అచ్చుల మధ్య దూరం చూడండి. హాట్ షీట్ చల్లారాక కుదించుకుపోతుంది, ఆ సవరణ మరవద్దు. దాన్నుంచి న్యూట్రల్ పాయింట్, అక్కడి నుంచి ఘర్షణ లెక్క కట్టొచ్చు. రింగ్ విలువ దీనితో కలవకపోతే నేను మిల్లులో వచ్చిందే వాడతాను.