ఓపెన్‌బీఎస్‌డీకి ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ తరలింపు: గెట్‌ఎంట్రొపీ విఫలమవుతోంది, సలహా కావాలి

నమస్కారం. లినక్స్‌లో గెట్‌రాండమ్‌తో (యాదృచ్ఛిక బైట్లు ఇచ్చే సిస్టమ్ కాల్) కీలు తయారుచేసుకునే నా ఫైల్ ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌ను ఓపెన్‌బీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌కు తరలిస్తూ, ఆ కాల్ స్థానంలో అదే పని చేసే గెట్‌ఎంట్రొపీని పెట్టాను. కంపైల్ అయింది గానీ, ఒకేసారి 512 బైట్లు అడిగిన చోట మైనస్ 1 తిరిగి వచ్చి కాల్ విఫలమవుతోంది. ఒక్కో కాల్‌కు 256 బైట్లే పరిమితి అని మాన్యువల్ చదివాక తెలిసింది.

లూప్ రాసి ముక్కలుగా తెచ్చుకోవచ్చు. కానీ కీల విషయంలో సొంత లూప్‌లో చిన్న పొరపాటు దొర్లినా బఫర్‌లో సగం సున్నాలే మిగిలిపోతాయేమోనని నా భయం. అందుకే ఎంత పెద్ద బఫర్‌నైనా ఒకే కాల్‌లో యాదృచ్ఛిక బైట్లతో నింపే ఆర్క్4రాండమ్_బఫ్ మేలనిపిస్తోంది. అయితే గ్లిబ్‌సీలో (లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ) అది 2022 నాటి 2.36 వెర్షన్ నుంచే ఉంది కాబట్టి, పాత లినక్స్ వాడేవారి కోసం గెట్‌రాండమ్‌నూ ఉంచాలి.

రెండు వ్యవస్థలకూ ఒకే సోర్స్ నడుపుతున్నవారు ఈ ఎంపికను కంపైల్‌కు ముందు నడిచే కాన్ఫిగర్ దశలోనే పరీక్షించి తేలుస్తున్నారా, లేక వేర్వేరు ఫైళ్లుగా విడదీస్తున్నారా? దయచేసి మీ అనుభవం చెప్పగలరు.