మాంత్రికులున్న యుద్ధంలో సైన్యం వరసలు కట్టి నిలబడుతుందా?

కొత్తకలం:
నా నవల తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. లోకం కాకతీయుల కాలం లాంటిది. ఈటెలు, విల్లులు, గుర్రాలు, మట్టికోటలు ఉంటాయి, ఫిరంగులు ఉండవు. రాజు దగ్గర 8,000 మంది కాల్బలం. శత్రువు దగ్గర 2,000 మంది రౌతులు, 12 మంది అగ్నిమాంత్రికులు. మంత్రం 108 సార్లు జపిస్తే ఒక నిప్పుముద్ద పుడుతుంది. అది 200 మీటర్లు పోతుంది, పడ్డచోట 10 మీటర్ల మేర కాలుస్తుంది. రాజు సైన్యాన్ని 8 వరసల్లో నిలబెట్టాను. చదివినవాళ్ళు "నిప్పు కురుస్తుంటే అలా ఎవరు నిలబడతారు?" అంటున్నారు. మీరేమంటారు?

నిప్పురవ్వ:
ఎవరూ నిలబడరు. లెక్క చూడండి. మనిషికీ మనిషికీ మీటరు ఎడం ఉంటే మీ ముద్ద కింద 70 మంది పడతారు. 12 ముద్దలకు 840. అదే మూడేసి మీటర్ల ఎడంతో నిలబెడితే ఒక్కో ముద్దకు ఎనిమిదీ తొమ్మిది మంది. రెండో దెబ్బ తినేలోపే ఏ సేనాపతికైనా ఇది తెలిసిపోతుంది. మంత్రం ఉన్న లోకంలో వరస అనేదే పుట్టదు.

కోటబురుజు:
నిప్పురవ్వ గారూ, మీ లెక్కలో 2,000 గుర్రాలు ఎటుపోయాయి? వరస కట్టేది బాణాల నుంచి తప్పించుకోవడానికి కాదు, గుర్రాన్ని ఆపడానికి. డాలుకు డాలు ఆని, మధ్యలోంచి ఈటెలు బయటికి పొడుచుకొస్తుంటే గుర్రం వాటి మీదికి దూకదు, పక్కకు తిరుగుతుంది. మూడు మీటర్ల సందు ఇస్తే రెండు గుర్రాలు పక్కపక్కనే దూరిపోతాయి. 300 మీటర్లు దౌడు తీయడానికి గుర్రానికి 40 సెకన్లు చాలు. ముందు వరసలో వెయ్యిమంది ఉంటే మీ ఎడంతో దండు మూడు కిలోమీటర్ల పొడవు పరుచుకుంటుంది. దగ్గరికి జరగమంటే చివరి మనిషి డాలు మోసుకుంటూ కిలోమీటరు నడవాలి. అది పది నిమిషాల పైమాట. ఈలోపు రౌతులు వచ్చి, తొక్కి, తిరిగి వెళ్ళిపోతారు.

గోదారిగట్టు:
మాంత్రికుల్ని బాణాలతో కొట్టేస్తే సరిపోదా?

కోటబురుజు:
అదే చెప్పబోతున్నాను. 200 మీటర్లంటే గట్టి విల్లు అందుకునే దూరమే. జపం ఒక్కోటి రెండు సెకన్లనుకుంటే 108కి మూడున్నర నిమిషాలు. విలుకాడు నిమిషానికి ఆరు బాణాలు వేయగలడు. ఇంగ్లండులో 24 బాణాలను ఒక కట్టగా లెక్కించేవారు, అది నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. అంటే ఒక జపానికి దాదాపు ఒక పొది. మీ రాజు 300 మందిని కేటాయిస్తే 12 మంది మీద ఆరువేల బాణాలు పడతాయి. మాంత్రికుడి ముందు నిలువెత్తు డాళ్ళు పట్టే మనుషుల్ని పెట్టకపోతే మొదటి ముద్దే పుట్టదు.

నిప్పురవ్వ:
జపం అక్కడే ఎందుకు చేయాలి? వెనక గుడారంలో 107 పూర్తిచేసుకుని, చివరిది నోట్లో దాచుకుని ముందుకొస్తాడు. అనగానే పడుతుంది. మీ ఆరువేల బాణాలు వృథా.

కోటబురుజు:
దాచుకోవచ్చని కొత్తకలం గారు ఎక్కడ రాశారు?

నిప్పురవ్వ:
దాచుకోకూడదని మాత్రం ఎక్కడ రాశారు?

కోటబురుజు:
దాచుకోనిస్తే కథ పాడవుతుంది. 12 మందీ రాత్రంతా జపించి, తెల్లారి ఒకేసారి విసిరి వెళ్ళిపోతారు. ఆ దెబ్బకు మీదగ్గర సమాధానం లేదు.

నిప్పురవ్వ:
సమాధానం ఉండి తీరాలని ఎవరన్నారు?

దండుబాట:
ఇద్దరూ 107 దగ్గరే పట్టుకు కూర్చున్నారు. నేను అగ్నిమాంత్రికుడినైతే డాళ్ళ వరస జోలికే పోను, దండు తిండిని తగలబెడతాను. 8,000 మందికి మనిషికి కిలో చొప్పున రోజుకు 8 టన్నుల ధాన్యం కావాలి. ఎద్దు వీపున వంద కిలోలనుకుంటే రోజు తిండికి 80 ఎడ్లు, పది రోజులకు 800. దక్కనులో దండుల వెంట ధాన్యం తోలింది బంజారాలే. ఎండాకాలం, గడ్డివాముల పక్కన విడిది, గాలి అటే వీస్తోందంటే ఒక్క ముద్ద చాలు. మూడోనాటికి దండు తనంతట తానే వెనక్కి మళ్ళుతుంది.

గోదారిగట్టు:
ఇది బాగుంది.

నిప్పురవ్వ:
బాగుంటుంది, ఎందుకంటే అందులోనూ ఎద్దుల లెక్కే ఉంది. ఇక్కడ ఎవరు మంత్రాలతో కథ పెట్టినా కోటబురుజు గారు తక్కెడ పట్టుకుని వస్తారు. నా కథ పెట్టినప్పుడూ అంతే. గుర్రానికి నీళ్ళెక్కడివన్నారు, మంత్రం గురించి ఒక్క మాట లేదు. అజిన్‌కోర్ట్, అజిన్‌కోర్ట్ అంటారు. ఫ్రాన్సులోని ఆ ఊరి దగ్గర 1415లో ఫ్రెంచివాళ్ళ మీద ఇంగ్లీషువాళ్ళను గెలిపించింది విల్లే కదా! దూరం నుంచి పడే దెబ్బ ముందు దగ్గరదగ్గరగా నిలబడ్డవాళ్ళు చచ్చారు. నేను చెప్పిందీ అదే.

కోటబురుజు:
ఈ చర్చలో అజిన్‌కోర్ట్ పేరు నేనెత్తలేదు. ఎత్తారు కాబట్టి చెబుతాను. రాత్రంతా వాన, కొత్తగా దున్నిన పొలం, రెండు పక్కలా అడవి. ఇనుప కవచాలతో బురదలో నడిచి నడిచి ఫ్రెంచివాళ్ళు అలసిపోయారు. బాణాలకు బెదిరిన గుర్రాలు వెనక్కి తిరిగి సొంత మనుషుల్నే తొక్కాయి. వెనకవాళ్ళు తోస్తుంటే ముందువాళ్ళకు చెయ్యెత్తే చోటు లేదు. బాణం అందులో ఒక పాలు, అంతే. నేల, గాలి, అలసట లేకుండా ఏ ఆయుధమూ గెలవదు. 1461లో ఇంగ్లండు అంతర్యుద్ధంలో టౌటన్ దగ్గర గాలి ఎదురు తిరిగి ఒక పక్షం బాణాలు అందక ముందే రాలిపోయాయి. మీ ముద్ద గాలికి ఎటుపోతుంది? మొదటి ముద్ద పొగలో రెండోది ఎవరి మీద పడుతుంది? ఇవి రాయమంటే తక్కెడ అంటారేమిటండీ!

నిప్పురవ్వ:
ఎందుకంటే అవన్నీ రాశాక మాంత్రికుడు కూలివాడిలా మిగులుతాడు! నాకు కావలసింది భయం. ఒక్కడు నోరు విప్పితే ఎనిమిదివేల మంది మోకాళ్ళు వణకాలి. భారతంలో ఆగ్నేయాస్త్రం వేస్తే ఎద్దుల లెక్క అడిగారా?

కోటబురుజు:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. మీకు యుద్ధం ఆ ఒక్కడిది. నాకు ఆ ఎనిమిదివేల మందిది. వాళ్ళు కాలిపోవడానికే ఉంటే పేజీలో వాళ్ళెందుకు? వాళ్ళు నిలబడతారా, వెన్ను చూపుతారా అన్నదే యుద్ధం. ఎదురుబొదురు కొట్టుకునేటప్పటి కంటే వెన్ను తిరిగాక తరుముతుంటేనే ఎక్కువమంది చస్తారు. 1565లో రక్కసి తంగడి దగ్గర రామరాయల తల ఈటెకు గుచ్చి చూపించాక విజయనగర సైన్యం పారిపోయింది. చూపించింది ఒక్క తల. చెదిరింది మొత్తం దండు. మీ మాంత్రికుడు కాల్చేది 70 మందిని. చూసి పరుగెత్తేది ఎంతమంది అన్నది రాయండి, మీరడిగే భయం అక్కడుంది.

పాతతాళపత్రం:
భారతం పేరెత్తారు కాబట్టి. ద్రోణుడు పడ్డాక అశ్వత్థామ నారాయణాస్త్రం వేశాడు. ఎదిరించేకొద్దీ పెరిగే అస్త్రమది. కృష్ణుడు అందరినీ రథాలు దిగి ఆయుధాలు వదిలేయమన్నాడు. దిగినవాళ్ళు బతికారు, భీముడు ఒక్కడే ఎదురుతిరిగి దాని వాతపడబోయాడు, అర్జునుడూ కృష్ణుడూ లాగి దించారు. అంత అస్త్రాన్నీ ఆపింది సైన్యం మాట వినడమే. పైగా అస్త్రాలున్న ఆ యుద్ధంలోనే వ్యూహాలూ ఉన్నాయి. మీరిద్దరూ అక్కడ కలుస్తారు.

నిప్పురవ్వ:
నారాయణాస్త్రం సంగతి ఒప్పుకుంటాను. 8 వరసల సంగతి ఒప్పుకోను.

కోటబురుజు:
8 వరసలే ఉండాలని నేనూ అనడం లేదు. కొత్తకలం గారూ, ఇలా చేయండి. వందమందికొక జెండా, పదేసి మంది పది వరసలు. నడిచేటప్పుడు మూడు మీటర్ల ఎడం. కొమ్ము ఊదగానే ప్రతి వంద తన జెండా దగ్గరికి ముడుచుకోవాలి. మూలనున్న మనిషి నడిచేది పన్నెండు పదమూడు మీటర్లే, పదిహేను సెకన్లలో అయిపోతుంది. రౌతులు రావడానికి 40 సెకన్లుంది కదా. జట్టుకూ జట్టుకూ మధ్య సందుల వెనక రెండో బారు జట్లు ఉండాలి, లేకపోతే గుర్రాలు సందుల్లోంచి వెనక్కి చేరతాయి. తప్పు జరిగేది ఎక్కడంటే, కొమ్ము ముందే ఊదితే ముడుచుకున్న వందమంది మీద ముద్ద పడుతుంది, ఆలస్యమైతే గుర్రాలు పడతాయి. శత్రువు గుర్రాల్ని ఉత్తుత్తినే ఉరికించి, ముడుచుకున్నాక నిప్పు విసురుతాడు. మీ అధ్యాయం ఆ కొమ్ము పట్టినవాడి దగ్గర నడవాలి.

నిప్పురవ్వ:
ఉత్తుత్తి దౌడు బాగుంది. కానీ 12 ముద్దలూ ఒకేసారి వేయకూడదు. ముగ్గురేసి నాలుగు జట్లుగా జపం మొదలుపెడితే 54 సెకన్లకు ఒకసారి నిప్పు పడుతూనే ఉంటుంది.

దండుబాట:
ఒకేసారి వేసే మూర్ఖుణ్ణి కూడా రాయవచ్చు. 1520లో రాయచూరు దగ్గర కృష్ణదేవరాయల మీద బీజాపూరు సుల్తాను ఆదిల్‌షా ఫిరంగులన్నీ ఒక్క పెట్టున పేల్చారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. రాయల ముందు దండు చెదిరి పారిపోయింది. తరుముతూ వచ్చినవాళ్ళ బారు కూడా చెదిరింది. అప్పుడు కృష్ణదేవరాయలు వెనకున్న దండుతో పైబడి కృష్ణానది దాకా తరిమాడు. రెండో బారు ఎందుకో అక్కడ తెలుస్తుంది.

కొత్తకలం:
చాలా థాంక్సండీ. 80 జెండాలు పెడుతున్నాను, ముందు 50, సందుల వెనక 30. 107 దాచుకోవచ్చు, కానీ ఆ మధ్యలో వేరే ఒక్క మాట అన్నా, దగ్గినా మళ్ళీ ఒకటి నుంచి మొదలు. పొగ వస్తే దగ్గు వస్తుంది కదా.

నిప్పురవ్వ:
అయితే రాజు మనుషులు గాలివాటు చూసి పచ్చిగడ్డి తగలబెడతారు. దానికి ఎన్ని మోపులు కావాలో కోటబురుజు గారు చెప్పాలి.

కోటబురుజు:
గాలి వేగం ఎంత పెట్టారు?