'ప్రదేశ్' అన్న ఒక్క మాట కోసం పత్రికకు ఉత్తరం రాయాలా?

నెల్లూరు పాఠకుడు:
మొన్నటి ఆదివారం అనుబంధంలో ఒక వాక్యం: "పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ ఫలితంగా 1953లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది." మిగతా వ్యాసమంతా బాగుంది. కానీ 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న వచ్చింది, తెలంగాణ కలిశాక. సంపాదకుడికి రాద్దామని కూర్చుంటే "మూడక్షరాల కోసం ఉత్తరమా?" అన్నాడు మా అన్నయ్య. రాయాలనే నా అభిప్రాయం. మీరేమంటారు?

గుంటూరు నుంచి:
వద్దండీ. తెల్లారితే అది పకోడీల పొట్లం. మా ఊరి పేరు తప్పుగా వేశారని ఒకసారి రాశాను. సవరణ వేయలేదు, జవాబూ లేదు. రాత్రిపూట డెడ్‌లైన్ మీద పనిచేసేవాళ్లను ఇంత చిన్నదానికి పట్టుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

గ్రూప్స్ అభ్యర్థి:
మీకు పొట్లం, మాకు నోట్సు. మేం కత్తిరించి అంటించుకుంటాం. పరీక్షలో ఆ రెండు తేదీలూ పక్కపక్కనే ఆప్షన్లుగా వస్తాయి, తప్పు పెడితే మూడో వంతు మార్కు పోతుంది. దయచేసి రాయండి సార్.

కరీంనగర్:
అక్షరాల లెక్క కాదన్నా ఇది. శ్రీరాములు గారు దీక్షకు కూర్చున్నది మద్రాసులో, మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల కోసం. మా జిల్లాలు అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నయి. ఆయన దీక్ష మొదలుపెట్టడానికి నెలన్నర ముందే, 1952 సెప్టెంబరులో, ఇక్కడ ముల్కీ ఉద్యమం, అంటే స్థానికులకే ఉద్యోగాలు కావాలన్న ఉద్యమం, నడిచింది. సిటీ కాలేజీ దగ్గర కాల్పులైనయి, పిల్లలు చచ్చిపోయిన్రు. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల నడుమ పెద్దమనుషుల ఒప్పందం అయినంకనే కలిసినం. ఆ ఒక్క వాక్యంతోని ఇదంతా లేనట్టే అయితది. తప్పక రాయాలె.

గుంటూరు నుంచి:
మీ మాట కాదనలేను, ఆ కోణం నాకు తట్టలేదు. కానీ ఎక్కడ ఆగుతాం? దీక్ష 56 రోజులా 58 రోజులా అని కూడా రాస్తారు జనం.

నెల్లూరు పాఠకుడు:
అదీ లెక్కపెట్టుకోవచ్చు. 1952 అక్టోబరు 19న మొదలైంది, డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూశారు. 13, 30, 15 కలిపితే 58. అంతగా శుష్కించిన మనిషి విషయంలో రెండు రోజులు తగ్గించి రాయడానికి నాకు మనసొప్పదు.

ఒకప్పటి సబ్‌ఎడిటర్:
డెస్క్‌లో చాలా ఏళ్లు చేశాను. ఇలాంటి తప్పు ఒక్కరోజుతో పోదు. వచ్చే నవంబరుకు వ్యాసం కావాలంటే పాత పేపరు తీసి అందులోంచే రాస్తాం, అదే వాక్యం మళ్లీ అచ్చవుతుంది. అందుకే ఉత్తరం కావాలి. అయితే రెండు పేజీల తిట్లు రాస్తే ఎవరూ చదవరు. తేదీ, పేజీ, ఉన్న వాక్యం, ఉండాల్సిన వాక్యం, ఆధారం, అంతే. ఈ-పేపర్‌లో కూడా మార్చమని అడగండి. తప్పు తేలితే వెంటనే సవరణ వేయాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది.

నెల్లూరు పాఠకుడు:
ఇప్పుడే పంపాను: "అయ్యా, ఆదివారం అనుబంధం 6వ పేజీలో '1953లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది' అని ఉంది. 'ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది' అని ఉండాలి. ఆధారం: 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం, 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం. ఈ-పేపర్‌లోనూ సవరించగలరు. వ్యాసం చాలా బాగుంది."