వాకిలి ఎత్తు ఎంత?

గుంపులోని పెద్దలకు నమస్కారం. ఒక మాట దగ్గర పప్పులో కాలేశాను. జరిగింది ముందు చెబుతాను, తరువాత మీరు తిట్టవచ్చు.

మాది తెనాలి పక్క పల్లె. ఉద్యోగం అయిపోయాక తిరుపతి నుంచి చంద్రగిరి వెళ్ళే దారిలో నాలుగు సెంట్ల స్థలం తీసుకుని రెండు గదుల పెంకుటిల్లు కట్టుకుంటున్నాను. మేడ వద్దనుకున్నాను. మోకాళ్ళు ఒప్పుకోవు, పైగా పెంకు మీద వాన చప్పుడు వింటూ పడుకోవాలని నలభై ఏళ్ళుగా కోరిక. ముందు ఒక తిన్నె, పక్కన ఒక నందివర్ధనం, గేటు దగ్గర సన్నజాజి పందిరి. నా సంస్థానం ఇంతే.

ఈ ఇంటి కోసం పాత కలప అమ్మే అంగడిలో ఒక ద్వారబంధం, జోడు తలుపులు కొన్నాను. 18,000 రూపాయలు. మా ఆవిడ ఇంకా ఆ లెక్క మరచిపోలేదు. తలుపులకు మడతబందులు లేవు. రెక్కకు కిందా పైనా ఉన్న కొయ్య బొడిపెలే గుంటల్లో తిరుగుతాయి. తెరిచినప్పుడల్లా నిద్ర చాలని ముసలాయన మూలిగినట్టు చప్పుడు. పైచెక్క మీద నడుమ గజలక్ష్మి, చెరొక ఏనుగు. ఒక ఏనుగు తొండం విరిగింది. నీలం రంగును గాజుపెంకుతో గీకితే కింద ఆకుపచ్చ, దాని కింద ఎన్నేళ్ళ పసుపో గట్టిపడి ఉంది. మామిడాకుల తోరణం కోసం కొట్టిన మేకులు పదకొండు, ఒక్కటీ వరుసలో లేదు. లోపలి వైపు నిలువుచెక్క మీద మేకుతో గీసిన గీతలు, నాలుగు నిలువు, ఒకటి అడ్డం, మళ్ళీ నాలుగు. శాసనమేమోనని సంబరపడ్డాను. ఆచారి గారు ఒక్క చూపు చూసి "పాల లెక్క సార్" అన్నారు.

ఆ ఆచారి గారే మొన్న కొలతలు తీసుకుంటూ, "వాకిలి ఎత్తు ఎంత పెట్టమంటారు?" అని అడిగారు. నేను ఇంటి ముందున్న ఖాళీ జాగా వైపు చూసి, "అరడుగు చాలు, వాననీళ్ళు రోడ్డు మీదికి పోతాయి" అన్నాను. ఆయన టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నారు. "అరడుగు వాకిలిలో కోడిపిల్ల దూరుతుంది సార్, మీరు దూరలేరు" అన్నారు.

మా వైపు వాకిలి అంటే ఇంటి ముందు చోటు. మనుషులు దూరేది గుమ్మం. ఇక్కడ ఆ దూరేదే వాకిలట! ఇంతకీ ఏది సరైనది?

పుత్తూరు కోడలు: సార్, మీరు నయం, పగటిపూట నవ్వులపాలయ్యారు. నేను ఏలూరు నుంచి కొత్త కోడలిగా వచ్చిన వారంలోనే, రాత్రి తొమ్మిదింటికి మా అత్తగారు "వాకిలి వేసి రామ్మా" అన్నారు. ముగ్గు అనే మాట మింగేశారనుకున్నాను. ఈ ఊళ్ళో రాత్రే ముగ్గు వేస్తారు కాబోలని డబ్బా తీసుకుని వెళ్ళి, వీధి దీపం వెలుతురులో పదిహేను చుక్కలు పెట్టి తీరుబడిగా మెలికల ముగ్గు వేశాను. తలుపు బార్లా తీసే ఉంది. తిరిగి వచ్చేసరికి పిల్లి పాలగిన్నె ఖాళీ చేసింది. అత్తగారు పిల్లిని తిట్టారు, నన్ను కాదు. ఆ మర్యాదకు ఇప్పటికీ ఆవిడంటే గౌరవం.

మదనపల్లె మాస్టారు: ఏది సరైనది అన్న ప్రశ్న దగ్గరే నాకు పేచీ. కొండ మీదికి వెళ్ళి చూడండి. మహాద్వారం దాటితే వెండి వాకిలి, ఆ తరువాత బంగారు వాకిలి. సుప్రభాతం వినిపించేది ఆ బంగారు వాకిలి ముందు నిలబడే. బంగారు వాకిలి అంటే బంగారం పరిచిన ఖాళీ జాగా అని ఏ యాత్రికుడూ అనుకోలేదు కదా! రాయలసీమ ఇళ్ళలో ఈ రోజుకూ వాకిలి తీస్తాం, వేస్తాం, వాకిట్లో అడ్డంగా నిలబడ్డ పిల్లలను కసురుతాం. 2022లో జిల్లాలు విడదీసి మా మదనపల్లెను అన్నమయ్య జిల్లాలో కలిపినా, వాకిలి మాత్రం తలుపు దగ్గరే ఉంది.

తణుకు నుంచి ఒకరు: మాస్టారూ, గుడి మాట గుడిలో ఉంచండి. తెల్లవారి లేచి వాకిలి ఊడుస్తాం, కళ్ళాపి చల్లుతాం, ముగ్గు పెడతాం. వాకిలి తలుపైతే కళ్ళాపి తలుపు మీద చల్లాలా? తెలంగాణ వారిని అడగండి, వాళ్ళకూ వాకిలి అంటే ఊడ్చేదే. సంఖ్యాబలం మాది.

మదనపల్లె మాస్టారు: మాటలకు ఓట్లు లెక్కపెట్టరు నాయనా.

కుప్పం నుంచి: ఒక వైపు తమిళనాడు, ఒక వైపు కర్ణాటక. మా ఊళ్ళో సంతకు వెళితే మూడు భాషలూ ఒకే సంచిలో ఇంటికి వస్తాయి. అందుకని రెండు ముక్కలు చెబుతాను.

కన్నడంలో ఇదే మాట బాగిలు. మన వకారం అక్కడ బకారం కావడం మామూలే. వేరు అక్కడ బేరు, వెల అక్కడ బెలె. బాగిలు అంటే తలుపూ ద్వారమూ తప్ప ఇంటి ముందు చోటు కాదు. అంటే సీమ వాకిలికి కన్నడం తోడు. తమిళంలో వాయిల్, వాడుకలో వాసల్. అది ద్వారమూ అవుతుంది, నీళ్ళు చల్లి కోలం వేసే చోటూ అవుతుంది. తణుకు వారు ఆనందించవచ్చు, తమిళం ఇద్దరి పక్షానా ఉంది.

అసలు మాట వాయి. అంటే నోరు. ఇప్పుడు మనకు మిగిలినవి ఇడ్లీ వాయిలే గాని (అది వేరే లెండి), పాత కవులు పెదవిని వాతెర అన్నారు, అందులో ఉన్న వా ఇదే. వాయి, ఇల్లు కలిస్తే వాకిలి. ఇంటికి నోరు. నోరు అంటే పెదవులా, లోపలి ఖాళీయా, ముందుకు వచ్చే మాటా అని ఎవరూ కొట్టుకోరు. సీమ వారు పెదవులను పట్టుకున్నారు, కోస్తా వారు పెదవి దాటిన చోటును పట్టుకున్నారు.

కొండ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. గర్భాలయం గడపను కులశేఖరపడి అంటారు. పడి అంటే తమిళంలో మెట్టు. కులశేఖరాళ్వారు తన పాశురంలో, నీ గుడి మెట్టునై పడి ఉండి నీ పగడపు నోరు చూస్తూ ఉంటాను అని కోరుకున్నాడు. ఆయన వాడిన మాట 'పవళవాయ్'. ఆ వాయ్, మన వాకిలి మొదట్లో ఉన్న వా, ఒక్కటే. బంగారు వాకిలి దాటి కులశేఖరపడి దాకా చూపు వెళ్ళినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకు వస్తుంది. క్యూలో వెనుక నుంచి తోసేస్తారనుకోండి, అది వేరే సంగతి.

పుత్తూరు కోడలు: ఇంటికి నోరు! ఇకనుంచి అత్తగారు వాకిలి వేయమంటే నోరు మూయమన్నట్టు వినిపిస్తుంది నాకు.

గుంటూరు నుంచి, వ్యాకరణం పిచ్చి ఉన్నవాడిని: ఒక వరుస చూడండి. వాకిలి, ముంగిలి, లోగిలి. ఇంటి నోరు, ఇంటి ముందు, ఇంటి లోపలి ఆవరణ. మూడింటి చివరా ఇల్లు దాక్కుని ఉంది. తమిళంలో ముంగిలికి జోడు మున్ఱిల్, అందులో మున్, ఇల్ విడివిడిగా కనిపిస్తాయి. విభక్తి చేరితే ఈ మూడూ ఒకే తీరుగా మారతాయి: వాకిట, ముంగిట, లోగిట. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇ, టి, తి అని మూడు ఔపవిభక్తికాలు, అంటే విభక్తికి ముందు మాట చివర వచ్చే అక్షరాలు, చెప్పాడు. కాలు కాలి అవుతుంది, ఇల్లు ఇంటి అవుతుంది, చేయి చేతి అవుతుంది. మన వాకిలి ఆ టి జట్టులోది. మీ 'వాకిట్లో' అంతా వాకిటిలో.

ఇదే తీరున కౌగిలి కౌగిట అవుతుంది. చేతులతో కట్టిన ఇల్లు కౌగిలి అని నా ఊహ. ఎలా ఉంది?

మదనపల్లె మాస్టారు: పెళ్ళి పత్రికలో వేసుకోవడానికి బాగుంది. నాగలి నాగటి అవుతుంది, రోకలి రోకటి అవుతుంది. వాటిలో ఏ ఇల్లు ఉంది? ట వచ్చిన ప్రతి మాటలోనూ ఇల్లు కట్టేస్తే స్థలం చాలదు. వాకిలికి, ముంగిలికి పక్క భాషల్లో చుట్టాలు నిలబడి సాక్ష్యం చెబుతున్నారు. కౌగిలికి మీ ఊహ ఒక్కటే సాక్ష్యం.

గుంటూరు నుంచి: ఒప్పుకుంటున్నాను మాస్టారూ. నాగలితో దున్నేశారు.

నెల్లూరు నుంచి: మా దగ్గరా వాకిలి అంటే తలుపే. అడిగారని కాదు, లెక్కలో వేసుకోండి.

ఇల్లు కట్టుకుంటున్న నేనే మళ్ళీ: తలుపును వాకిలి అంటే, ఇంటి ముందు చోటును చిత్తూరు వైపు ఏమంటారు? ఆచారి గారిని అడిగితే "ఇంటి ముందర" అన్నారు. అంత పూలు పూసే చోటుకు ఒక పేరైనా ఉండదా?

గుంటూరు నుంచి: ముంగిలి ఉంది కదా! పాటలో మిగిలింది, నోట్లో పోయింది. తిరుపతిలో ఉంటూ ఆ మాట వినలేదని అనకండి. "ముద్దుగారే యశోద" అని అన్నమయ్య పాట. దాని తరువాతి మాట మీదనే నాకొక పాత జగడం ఉంది. కొందరు 'ముంగిట ముత్యము' అని పాడతారు, కొందరు 'ముంగిటి ముత్యము' అని. ముంగిట అంటే ముత్యం ఎక్కడ ఉందో చెప్పడం. ముంగిటి అంటే ఆ ముంగిలికే చెందినది, దాని సొత్తు. ఒక్క గుడి తేడా, అర్థం మారిపోతుంది. చరణంలోకి వెళ్ళండి. 'గొల్లెతల అరచేతి మాణికము' అన్నాడు, 'అరచేత' అనలేదు. అక్కడ తి, ఇక్కడ టి, సూరి చెప్పిన రెండూ జోడుగా కూర్చున్నాయి. పాట అంతా ఇదే పద్ధతి. కంసుని పాలి వజ్రము, గోవర్ధనపు గోమేధికము, శంఖచక్రాల సందుల వైడూర్యము, వేంకటాద్రి ఇంద్రనీలము. ప్రతి రత్నమూ ఎవరిదో, ఎక్కడిదో. ముత్యం ఒక్కటే వీధిలో రాలిపడినట్టు ఎందుకుంటుంది? నా మొగ్గు ముంగిటి వైపే.

పుత్తూరు కోడలు: మా అత్తగారు 'ముంగిట' అనే పాడతారు. 'ముం' దగ్గర కొంచెం ఆగి, 'గిట' దగ్గర గొంతు కిందికి దించుతారు. ఆ సమయానికి ఆవిడ చేతిలో నిజంగానే ముగ్గుపిండి ఉంటుంది. మీ టి, తి లెక్క ఆవిడకు చెప్పి రాత్రి అన్నం పోగొట్టుకోలేను.

మదనపల్లె మాస్టారు: అత్తగారి పాఠం ప్రామాణికం. చర్చ ముగిసింది.

గుంటూరు నుంచి: ముగియలేదు.

ఇల్లు కట్టుకుంటున్న నేనే, మూడు వారాల తరువాత: అందరికీ కృతజ్ఞతలు. ద్వారబంధం నిలబెట్టేశాం. దాని ఎత్తు ఐదున్నర అడుగులే. పైన ఒక చెక్క అతికి ఏడడుగులు చేద్దామని ఆచారి గారు అన్నారు, గజలక్ష్మి నెత్తిన ఇంకో చెక్క మోపడం ఇష్టం లేక వద్దన్నాను. విరిగిన తొండం కూడా అలాగే ఉంచాను. పాల లెక్క గీతల మీద వార్నిషు వేయించలేదు. ఇంటి ముందు నేల మాత్రం అరడుగు మెరక చేయించాను, వాననీళ్ళు బయటికే పోతున్నాయి. ఆ జాగాను ముంగిలి అని పిలవడం మొదలుపెట్టాను. మా ఆవిడ 'ముందర' అంటోంది, పనిమనిషి 'ఆడ' అంటోంది. మాట తిరిగి రావడానికి కొంత సమయం పడుతుంది.

మొన్న ఆదివారం తెనాలి నుంచి మా అన్నయ్య వచ్చాడు. నేను లోపల కాఫీ కలుపుతుంటే ఫోను మోగింది. "వాకిట్లో ఉన్నానురా" అన్నాడు. గబగబా వెళ్ళి తలుపు తీశాను. గడప దగ్గర ఎవరూ లేరు. తలుపు చాటున కూడా చూశాను. మళ్ళీ ఫోను చేయబోతుంటే సన్నజాజి పందిరి కింద చెప్పులు విప్పుతూ కనిపించాడు.

"ఎక్కడ వెతుకుతున్నావు? వాకిట్లో ఉన్నానంటే వినిపించలేదా?" అన్నాడు.

లోపలికి వస్తూ నుదురు పైచెక్కకు టంగుమని కొట్టుకున్నాడు. తలుపు ఎప్పటిలాగే మూలిగింది, ఈసారి అన్నయ్య కూడా జత కలిశాడు.

"ఏమిటిరా, గుమ్మం ఇంత పొట్టిగా పెట్టించావు?"

"వాకిలి, అన్నయ్యా" అన్నాను.